సున్నం తగిలిన పిట్ట

ఇంతదాకా వచ్చాం: ఏర్గట్ల నుంచి డిగ్రీ చదువు కోసం నిజామాబాద్ వచ్చిన సంజన అక్క పుష్పలత ఇంట్లో ఉంటోంది. బావ రాజశేఖర్‌ది కుక్కపిల్లలు, పక్షులు అమ్మే దుకాణం. ఇల్లు దాని మీదే, మేడ పైన. కాలేజీ అయ్యాక సంజన దుకాణంలో కూర్చుంటుంది. ఊరికి పోయినప్పుడల్లా బావ అడిగాడని అమ్మ చేత పసుపు కొట్టించి డబ్బాలో తెస్తుంది. దుకాణం వెనక గది మాత్రం ఆమె ముందు ఒక్కసారీ తెరుచుకోలేదు. కోటగిరి దగ్గరి ఆంధ్ర రైతుల క్యాంపు నుంచి వచ్చిన సుబ్బరత్నం మనవరాలి కోసం ఒక జత పసుపు పిట్టలను కొనుక్కుపోయింది. ఇప్పుడామె తువ్వాలు కప్పిన పంజరంతో మళ్ళీ దుకాణం ముందు ఆటో దిగింది.

*

"ఉండు బాబూ, ఎక్కడికీ పోకు" అని ఆటో అతనికి చెప్పి సుబ్బరత్నం మెట్లెక్కింది.

ఎండకు షట్టర్ కాలుతోంది. దుకాణంలో ఉన్న ఒక్క ఫ్యాను గల్లాపెట్టె వైపే తిరిగి ఉంది. దాని గాలి కుక్కపిల్లల బోను దాకా రాదు. పిల్లలు జాలీ మీద ఒకదాని మీద ఒకటి పడి మూతులు బయటికి పెట్టి రొప్పుతున్నాయి. వాటికి పొద్దున ఒక్క పూటే తిండి. "ఎక్కువ తింటె పెద్దగైతయి. పెద్దగైతె ఎవలు గొంటరు?" అంటాడు రాజశేఖర్. అందుకే సంజన తన టిఫిన్ డబ్బాలో పాలలో నానిన బన్ను దాచుకుని, బావ ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఒక్కో ముక్క జాలీలోంచి లోపలికి తోస్తుంది. ఇప్పుడూ ఆ పనిలోనే ఉంది. తెల్ల కుక్కపిల్ల ఆమె వేలు వదలకుండా నాకుతోంది.

సుబ్బరత్నం పంజరం బల్ల మీద పెట్టి తువ్వాలు తీసింది.

లోపల ఒక పిట్ట ఈకలు ఉబ్బరించుకుని మూలకు కూర్చుంది. రెండోది పేపరు ముక్క మీద వెల్లకిలా పడి ఉంది. దాని రొమ్ము ఒక పక్క ఎర్రగా ఉంది.

"పిల్లి పట్టిందా అమ్మా?" అన్నాడు రాజశేఖర్ కుర్చీలోంచి లేవకుండానే. "పంజరం ఎత్తుల కట్టుమని జెప్పిన గద."

"పిల్లి కాదు. నా వేలు తగిలింది."

"అంటే?"

"నిన్న భోజనం అయ్యాక ఆకు వేసుకుంటున్నాను. పిట్ట వణుకుతోందని మా ఉదయశ్రీ పిలిస్తే, చేతిలోకి తీసుకుని రొమ్ము నిమిరాను. వేలికి సున్నం ఉన్న మాట మర్చిపోయాను. నిమిరిన చోటల్లా ఎర్రగా తేలింది. నా చేతుల్లోనే నలిపేశాననుకున్నానయ్యా! గుండె జారిపోయింది. పిల్ల చూసి, చంపేశావు నాన్నమ్మా అని ఒకటే ఏడుపు. రాత్రికి పిట్ట నిజంగానే చచ్చింది. పొద్దుట్నుంచి పిల్ల నా మొహం చూడ్డం లేదు. బడికి పోలేదు, అన్నం ముట్టలేదు."

పంజరాన్ని రాజశేఖర్ ముందుకు ఇంకాస్త జరిపింది.

"తర్వాత తడిగుడ్డ పెట్టి ఒక పక్క తుడిచి చూశాను. గాయమేదీ? ఒక్క గీత లేదు. ఎంతమంది పెళ్ళికూతుళ్ళ కాళ్ళకి పారాణి పెట్టాను నేను! పసుపూ సున్నం కలిస్తే ఏమవుద్దో నాకు తెలీదా?"

సంజన బన్ను ముక్క పట్టుకున్న చేయి జాలీ దగ్గరే ఉండిపోయింది.

రాజశేఖర్ నవ్వాడు. గిరాకీ కోపంగా వచ్చినప్పుడు అతను ముందు నవ్వుతాడు. "ఫారిన్ పిట్టలు అమ్మా అయి. మస్తు నాజూకుంటయి. మీ సున్నం ఒంటికి పడలే, గంతే. కావాలంటే వేరే జత ఇస్త, తీస్కపోండ్రి. మీరు పెద్దోళ్ళు, మీతోని లొల్లి నాకెందుకు?"

"నాకు జత వద్దు. మా పిల్లకి వచ్చి చెప్పు. నాన్నమ్మ చంపలేదమ్మా, నేను రంగు పూసి అమ్మాను, అందుకే చచ్చింది అని చెప్పు."

అప్పుడే పక్కన మొబైల్ షాపు నడిపే సురేందర్ ఫోను చేతిలో పట్టుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వీధిలో ఏ గొంతు పెరిగినా అతను ముందుంటాడు.

"ఏందన్నా, ఏం కథ?"

"ఏం లేదు తమ్మీ. పెద్దమ్మ పిట్టకు పారాణి పెట్టిందట."

"మీ ఆంధ్ర దిక్కు పిట్టలకు గూడ పెండ్లిళ్ళు జేస్తరా పెద్దమ్మా?" అన్నాడు సురేందర్.

"ఏ దిక్కు నాయనా?" సుబ్బరత్నం అతని వైపు తిరిగింది. "కాలవ నీళ్ళ కోసం వచ్చింది మా నాన్న. నేను పుట్టింది కోటగిరిలో. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ జిల్లా నీళ్ళు తాగుతున్నాను. నీ వెక్కిరింపు తర్వాత, ముందు ఇది చూడు."

ఆమె చచ్చిన పిట్టను పేపరుతో సహా తీసి బల్ల మీద పెట్టి పక్కకు తిప్పింది. తుడిచిన వైపు పసుపు లేదు. వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు.

"ఇదేం పిట్టో చెప్పు."

సురేందర్ వంగి చూశాడు. ఏదో వెక్కిరించబోయి ఆగాడు. "జీనువాయి లెక్కున్నదే" అన్నాడు మెల్లగా.

"అదే. పొద్దుగూకితే మా చెరకుతోటలో గుంపులు గుంపులుగా వాలతాయి. సంక్రాంతి ముందు లింగం అని ఒకడు వచ్చాడు. వరి మీద పడకుండా పిట్టల్ని పట్టుకుపోతానమ్మా, తోటలో వల కట్టుకుంటా అన్నాడు. పంట మిగులుద్ది కదా అని సరేనన్నాను. కూర్చోబెట్టి టీ కూడా పోశాను." ఆమె వేలు రాజశేఖర్ వైపు లేచింది. "నా తోటలో పిట్టని పట్టించి, పసుపు పూసి, నాకే ఆఫ్రికా పిట్ట అని అమ్మావు. ఔనా కాదా?"

సురేందర్ పకపకా నవ్వాడు. రాజశేఖర్ నవ్వలేదు.

లింగం పేరు వినగానే సంజనకు పొద్దున్నే దుకాణం వెనక సందులో ఆగే సైకిల్ గుర్తుకొచ్చింది. దాని మీద గోనెపట్టా కప్పిన వెదురుబుట్ట. "ఉల్లిగడ్డలోడు" అని బావ ఒకసారి చెప్పాడు. ఉల్లిగడ్డల బుట్టను అంత మెల్లగా, రెండు చేతులతో ఎందుకు దించుతాడో ఆమెకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

"లింగం ఎవలో నాకు తెల్వది" అన్నాడు రాజశేఖర్. "గా జీనువాయిని ఏడికెల్లో దెచ్చి నా బల్ల మీద పెట్టి నన్ను బద్నాం జేస్తున్నవు. నేనమ్మిన పిట్ట వేరే."

"సరే. గొడవెందుకు?" సుబ్బరత్నం బొడ్లో దోపుకున్న సంచీలోంచి చిన్న సున్నం డబ్బీ తీసి మూత విప్పింది. "ఆ గోడ పంజరంలో పిట్టలున్నాయి కదా, ఒకదాన్ని ఇటివ్వు. అందరి ముందే చూద్దాం."

గోడకు తగిలించిన పెద్ద పంజరంలో పసుపు పిట్టలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చున్నాయి. ఎప్పుడూ అలాగే కూర్చుంటాయి. కిచకిచలాడవు.

రాజశేఖర్ లేచాడు. పంజరం దగ్గరికి పోతాడనుకుంది సంజన. పోలేదు. ముందుకొచ్చి, సుబ్బరత్నం చేతిలోని డబ్బీకి తన అరచేయి అడ్డం పెట్టాడు.

"సున్నం అమ్మా అది. ఒళ్ళు మండుతది. మూగజీవాలు, నోరు లేనియి. నా దుకాణంల గసొంటి పని నేను కానియ్య." వెనక్కి తిరిగి గోడ మీది స్టిక్కర్ చూపించాడు. దాని మీద గులాబీ అక్షరాలతో 'పెంపుడు జంతువులను ప్రేమించండి' అని ఉంది. "గిది ఊకెనే అతికియ్యలే. ఈడ మా జీవాలను ఎవలు ముట్టినా నేనూకోను."

"గదైతె కరెక్టే పెద్దమ్మా" అన్నాడు సురేందర్. "పాపం తగుల్తది. పిట్టకేం ఎరుక?"

గడప బయట చేరిన ఇద్దరు ముగ్గురు కూడా తల ఊపారు. సుబ్బరత్నం డబ్బీ పట్టుకున్న చేతిని మెల్లగా దించింది. అంతసేపూ నిటారుగా ఉన్న ఆమె భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. నిన్న ఆమె అల్లాడిపోయిందీ పిట్ట కోసమే. ఇప్పుడు అదే పిట్ట పేరు చెప్పి ఆమె నోరు మూయించాడు ఈయన.

ఆమె కళ్ళు దుకాణమంతా తిరిగి, బోను దగ్గర నిలబడ్డ సంజన మీద ఆగాయి.

"అమ్మాయ్, ఆ రోజు పిట్టల్ని పట్టి నా పంజరంలో వేసింది నువ్వే. నీకేం తెలీదా?"

ఆ రోజు పిట్టలను పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుంటే నురగ ఎర్రబడింది. బావను అడిగితే "బలం మందు" అన్నాడు. పసుపు పండే ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. పసుపు ఉడకబెట్టే రోజుల్లో అమ్మ చీరలు ఉతికితే బండ మీద పారే నీళ్ళు ఏ రంగులో ఉంటాయో చూస్తూ పెరిగింది. అయినా బలం మందు అన్న మాటనే పట్టుకుని ఆ రాత్రి నిద్రపోయింది.

"ఆమెకేం దెలుసు? చదువుకునే పోరి" అన్నాడు రాజశేఖర్. తర్వాత ఆమె దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు: "మీ అక్క మొఖం జూసి మాట్లాడు. గీ దుకాణం బందైతె మీదున్న ఇల్లు గూడ పోతది. మీ అక్కను ఏడికి తోల్కపోతవు? ఏర్గట్లకా?"

అది బెదిరింపే కాదు, నిజం కూడా. అత్తవారింటి నుంచి వేరుపడి వచ్చిన అక్కకు ఈ మేడ మీది రెండు గదులు తప్ప వేరే చోటు లేదు. ఆ ఇంట్లో కొత్త కర్టెన్లు కట్టిన రోజు అక్క చిన్నపిల్లలా గది మధ్యలో నిలబడి చుట్టూ చూసుకుంది. ఇప్పుడు మాత్రం అక్క ఇంట్లో లేదు. మధ్యాహ్నం పూట కుట్టుపని నేర్చుకోవడానికి పోతుంది. ఇన్నాళ్ళుగా పోతోంది కానీ ఇంతవరకు ఒక్క జాకెట్టు కుట్టుకుని రాలేదని సంజన అప్పుడప్పుడు అనుకుంటుంది.

సంజన పెద్ద పంజరం దగ్గరికి నడిచి, చిన్న తలుపు తెరిచి లోపలికి చేయి పెట్టింది.

"సంజనా!" అన్నాడు రాజశేఖర్.

ఆమె పిట్టను ముట్టుకోలేదు. మూలనున్న నీళ్ళ గిన్నెను మాత్రం బయటికి తీసింది. ఎండకు ఆగలేక పిట్టలు పొద్దుట్నుంచి అందులోనే మునిగి రెక్కలు దులుపుకున్నాయి. పొద్దున ఆమె తేట నీళ్ళు పోసింది. ఇప్పుడవి పసుపుగా, అడుగున మడ్డితో ఉన్నాయి. గిన్నెను తెచ్చి సుబ్బరత్నం ముందు పెట్టింది.

"పిట్టకు మంట పుట్టది అమ్మా" అంది. "నీళ్ళే గదా."

సుబ్బరత్నం ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసింది. వేలితో సున్నం తీసి నీళ్ళలో వేసి తిప్పింది. వేలి చుట్టూ ముందు సన్నటి ఎర్ర తీగ లేచింది. అది సాగి, విడిపోయి, గిన్నె అంతా పాకింది. పెళ్ళికొడుకుకు దిష్టి తీసే పళ్ళెంలో ఉంటాయే, అచ్చం ఆ ఎర్రనీళ్ళు.

గడప దగ్గర ఎవరో "అబ్బో" అన్నారు.

"గవి మందు నీళ్ళు" అన్నాడు రాజశేఖర్.

"ఏ మందన్నా? కూరలేసేదేనా?" అన్నాడు సురేందర్. ఈసారి అతని నవ్వు వేరే వైపు తిరిగింది. ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టాడు. "నా పోరనికి గూడ గివే పిట్టలు గొన్న నేను. నీ దగ్గర్నే. అయి సచ్చినప్పుడు ఏమన్నవ్? మీ ఇంట్ల ఏసీ లేదు, ఫారిన్ పిట్టలు ఆగయి అన్నవ్. కిస్తుల మీద ఏసీ తీస్కొచ్చిన గదనే!"

ఎవరో నవ్వారు. రాజశేఖర్ ఫోను లాక్కోబోయాడు. సురేందర్ వెనక్కి జరిగాడు. ఆ తోపులాటలో బల్ల కదిలి గిన్నె ఒరిగింది. ఎర్రనీళ్ళు బల్ల అంచు నుంచి నేల మీదికి కారాయి. కుక్కపిల్లలు ఒక్కసారిగా అరిచాయి.

అప్పుడు వినిపించింది. వెనక గదిలో ఏదో బోర్లా పడిన చప్పుడు. వెంటనే వరిచేను మీద గుంపు లేచినప్పుడు వచ్చే శబ్దం. వందల చిన్న రెక్కలు ఒకేసారి కొట్టుకున్న శబ్దం.

"అందులో ఏముంది?" అంది సుబ్బరత్నం.

"దాణ."

"దాణ రెక్కలు కొట్టుకుంటదా అన్నా?" అన్నాడు సురేందర్.

"తెరువు" అంది సుబ్బరత్నం.

"తాళంజెవి ఇంట్ల మర్సిన. రేపు రాండ్రి."

రేపటికి ఆ గదిలో ఈకలు కూడా మిగలవని సంజనకు తెలుసు. సాయంత్రం నాందేడ్ వైపు పోయే వ్యాను వస్తుందని పొద్దున బావ ఫోన్‌లో చెబుతుంటే విన్నది. అది దేనికో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

ఆమె తలుపు వైపు చూసింది. ఎప్పుడూ గొళ్ళేనికి వేలాడే పెద్ద ఇత్తడి తాళం ఇప్పుడు పక్కన మేకుకు తగిలించి ఉంది. బయట గొళ్ళెం తీసే ఉంది. అయినా తలుపు బిగుసుకుని ఉంది. అంటే లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.

లోపల ఎవరో ఉన్నారు.

"బావా, తాళం ఎయ్యలే" అంది.

రాజశేఖర్ మేకు వైపు చూశాడు. రెండంగల్లో వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. అతని నుదుటి మీద చెమట బొట్లుగా లేచింది.

"ఇంకో అడుగేసినవంటె ఇయ్యాల్టి సంది నీకు నా ఇంట్ల జాగ లేదు. చదువు లేదు. ఏం లేదు. మంచిగ ఆలోచన జెయ్."

సంజన ఆగింది. కాలేజీ, పుస్తకాలు, మేడ మీద కిటికీ పక్కన తన చాప, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. వెనక తెల్ల కుక్కపిల్ల సన్నగా మూలుగుతోంది. బల్ల మీద పంజరంలో మిగిలిన ఒంటరి పిట్ట ఇంకా ఉబ్బరించుకునే ఉంది. అది వణకడం ఆమెకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

ఆమె ఆ అడుగు వేసి, చేయి చాచి, బావ భుజం పక్క నుంచి తలుపు తట్టింది.

"ఎవలున్నరు లోపల? తెరువుండ్రి."

తలుపు సందులోంచి ఒక వాసన వచ్చింది. రెట్టల వాసన కింద, తడి ఈకల వాసన కింద, ఇంకొకటి. ఏర్గట్లలో కళ్ళం నిండా ఉడికిన పసుపు కొమ్ములు ఎండబోసినప్పుడు ఊరంతా ఉండే వాసన. ఇంటి వాసన.

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు కదిలేసరికి రాజశేఖర్ తూలి పక్కకు జరిగాడు.

గడపలో పుష్పలత నిలబడి ఉంది.

కుట్టుపనికి పోయిన అక్క. కొంగు బొడ్లో దోపుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. మోచేతుల దాకా చేతులు పసుపు. ఎడమ గుప్పిట్లో సగం తడిసిన జీనువాయి ఒకటి తల బయటికి పెట్టి నోరు తెరుచుకుని ఉంది. ఆమె వెనక నేల మీద పసుపు నీళ్ళ టబ్బు, దాని చుట్టూ బుట్టలు. ఒక బుట్ట బోర్లా పడి ఉంది. అందులోంచి లేచిన పిట్టలు కప్పు కింద దారి దొరక్క గోడలకు కొట్టుకుంటున్నాయి. కొన్ని ఇంకా బూడిద రంగే. కొన్నింటికి అప్పుడే రంగు పడింది.

అటక మీద ఒక డబ్బా ఉంది. మూత ఊడకుండా అమ్మ అంజవ్వ పాత చీర అంచు చింపి చుట్టి కట్టిన డబ్బా. ఆ నీలం అంచును సంజన ఎక్కడున్నా గుర్తుపడుతుంది. "మీ ఇంటి పసుపు లేకుంటె నాకు బువ్వ దిగది" అని బావ ప్రతిసారీ అడిగి తెప్పించుకున్నది ఆ పసుపునే. బస్సులో ఒడిలో పెట్టుకుని ఆమె మోసుకొచ్చింది ఆ డబ్బానే.

"అక్కా" అంది సంజన.

ముందుగా తేరుకున్నది రాజశేఖరే.

"జూసిండ్రా!" అన్నాడు ఫోను వైపు తిరిగి, రెండు చేతులూ చాపి. "నేను గల్లా మీద కూసునేటోణ్ణి. ఎన్క ఏమైతుందో నాకేం దెలుసు? గిదంత మా ఇంటామె జేస్తున్న పని. ఇగో, చేతులు జూడుండ్రి. నా చేతులు జూడుండ్రి!"

అతని అరచేతులు శుభ్రంగా ఉన్నాయి.

పుష్పలత మొగుడి వైపు చూసింది. కోపంగా కూడా కాదు. అతని మాట పూర్తిగా లోపలికి దిగేదాకా ఆగినట్టు చూసింది, అంతే.

"నిజమేనా అమ్మా?" సుబ్బరత్నం ముందుకు వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇదంతా నీ పనేనా?"

ఆమె వదిలేసరికి, సున్నం వేళ్ళు ఆనిన చోట పుష్పలత చేతి మీద నాలుగు ఎర్రటి గీతలు తేలాయి. పుష్పలత వాటిని చూసుకుంది. కొంగుతో తుడుచుకోలేదు. ముక్కుకు కట్టుకున్న గుడ్డను కిందికి లాగి, తల ఎత్తి, సుబ్బరత్నాన్నీ మొగుణ్ణీ దాటి చెల్లెలి కళ్ళలోకి చూసింది.

"గిన్నె ముందర వెట్టినవు. తలుపు గొట్టినవు" అంది. "ఇగ అది గూడ జెప్పు సంజనా. గా డబ్బ ఎవలు మోసుకొచ్చిండ్రో, జెప్పు వీళ్ళకు."

సురేందర్ చేతిలోని ఫోను మెల్లగా సంజన వైపు తిరిగింది.